పేరుకు పూచీ: పలు డొమైన్లు, ఒకే లాగిన్



ఎవరి పేరిట ఈ ఉపన్యాసం ఏటా జరుగుతున్నదో ఆ మాస్టారి గురించి ఈ కాలేజీలో నేను కొత్తగా చెప్పగలిగింది ఏమీ లేదు. లెక్కలు చెప్పిన మనిషి. జవాబు సరిపోయినా మెట్లు రాయకపోతే మార్కులు వేసేవారు కాదని ఆయన శిష్యులు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ పట్టుదల నాకు నచ్చుతుంది, ఇవాళ్టి విషయానికి సరిపోతుంది కూడా. వెబ్‌సైట్ లాగిన్ అనేది మనమంతా జవాబు చూసుకుని సరిపెట్టుకునే లెక్క. పాస్‌వర్డ్ కొట్టాం, లోపలికి వెళ్లాం, ఫీజు కట్టాం, బయటికొచ్చాం. మధ్యలో ఎన్ని మెట్లున్నాయి, ఏ మెట్టు దగ్గర ఎవడు కాచుకుని కూర్చున్నాడు అని అడగం.

నిర్వాహకులు సైబర్ భద్రత మీద మాట్లాడమన్నారు. అంత పెద్ద మాట నా వల్ల కాదు. చిన్న ప్రశ్న ఒకటి ఎంచుకున్నాను. ఒక సంస్థకు ఒకటికి మించి డొమైన్ పేర్లుంటాయి. కాలేజీకి ఒకటి, పరీక్షల విభాగానికి ఒకటి, ఫీజుల చెల్లింపుకు మరొకటి. మనిషి మాత్రం ఒకే ఖాతాతో వీటన్నిటిలో తిరగాలి. అప్పుడు ఆ లాగిన్‌ను కాపాడేది ఏమిటి? ఎస్ఎస్ఎల్ సర్టిఫికెట్ అందులో ఎంతవరకు పనికొస్తుంది, ఎక్కడ చేతులెత్తేస్తుంది?

బ్రౌజర్‌కూ సర్వర్‌కూ మధ్య సంభాషణను ఎన్‌క్రిప్ట్ చేసే ఎస్ఎస్ఎల్ పుట్టింది నెట్‌స్కేప్ అనే బ్రౌజర్ కంపెనీలో. మొదటి వెర్షన్ గడప దాటనే లేదు. రెండోది 1995లో, మూడోది 1996లో వచ్చాయి. అప్పట్లో నెట్‌స్కేప్ ముఖ్య శాస్త్రవేత్తగా ఉన్న తాహెర్ ఎల్‌గమాల్ పేరు దీనితో ముడిపడిపోయింది. ఆయన ఈజిప్టులో పుట్టి, స్టాన్‌ఫర్డ్‌లో చదువుకున్నవాడు. 1999లో ఇంటర్నెట్ ప్రమాణాలు రాసే సంఘం దీన్ని తన చేతిలోకి తీసుకుని టీఎల్ఎస్ అని పేరు పెట్టింది. 2015లో ఎస్ఎస్ఎల్ మూడో వెర్షన్‌ను సైతం ఇక వాడొద్దని తేల్చేశారు. ఇప్పుడు మన ఫోన్లలో నడిచేది 2008 నాటి టీఎల్ఎస్ 1.2, లేకపోతే 2018 నాటి 1.3. అయినా సర్టిఫికెట్లు అమ్మేవాళ్లూ కొనేవాళ్లూ ఎస్ఎస్ఎల్ అనే అంటున్నారు. నేనూ అలాగే అంటాను.

ఆ రోజుల్లో ఎన్‌క్రిప్షన్ అంటే సర్వర్‌కు భారం, సర్టిఫికెట్ అంటే ఏడాదికి వందల డాలర్ల ఖర్చు. అందుకని ఒక పొదుపు మార్గం పట్టారు. లాగిన్ పేజీకి మాత్రం ఎస్ఎస్ఎల్ రక్షణ గల హెచ్‌టీటీపీఎస్, తక్కిన సైటంతా బాహాటంగా మామూలు హెచ్‌టీటీపీ. పాస్‌వర్డ్ ఒక్కటే కదా రహస్యం, అది క్షేమంగా దాటిపోతే చాలుననుకున్నారు. పెద్ద పెద్ద సైట్లు కూడా ఏళ్ల తరబడి ఇలాగే నడిచాయి. ఈ పొదుపే పెద్ద తప్పు. నేను చెప్పబోయే తక్కిన సంగతులన్నిటికీ ఇదే మొదలు కనుక ఇక్కడ కాస్త ఆగుతాను.

వెబ్‌కు జ్ఞాపకశక్తి లేదు. మొదటి పేజీ అడిగిన మనిషే రెండో పేజీ అడుగుతున్నాడని సర్వర్‌కు తెలియదు. ఈ లోటు తీర్చడానికి 1994లో నెట్‌స్కేప్‌లోనే లూ మాంటుల్లీ అనే ప్రోగ్రామర్ కుకీని తయారుచేశాడు. మీరు లాగిన్ కాగానే సర్వర్ మీ బ్రౌజర్ చేతిలో ఒక పొడవాటి సంఖ్య పెడుతుంది. ఆ తర్వాత ప్రతి క్లిక్కుకూ బ్రౌజర్ దాన్ని చూపిస్తూ పోతుంది. గుడి ముందు చెప్పుల స్టాండులో ఇచ్చే టోకెన్ లాంటిదే ఇది: టోకెన్ ఎవరు చూపిస్తే జత వాళ్లది, పేరు ఎవరూ అడగరు. పాస్‌వర్డును ఎంత భద్రంగా దాటించినా, ఆ తర్వాతి పేజీలు బాహాటంగా నడిస్తే ఆ సంఖ్య వైఫైలో అందరికీ కనబడుతూనే ఉంటుంది. పక్కవాడు దాన్ని పట్టుకుంటే చాలు, మీ పాస్‌వర్డుతో వాడికి పనే లేదు.

ఈ సంగతి నిపుణులకు ముందునుంచీ తెలుసు. లోకానికి తెలిసింది 2010 అక్టోబరులో. శాన్ డియెగోలో జరిగిన టూర్‌కాన్ సదస్సులో ఎరిక్ బట్లర్ అనే ప్రోగ్రామర్ ఫైర్‌షీప్ పేరుతో ఫైర్‌ఫాక్స్‌కు ఒక ఎక్స్‌టెన్షన్ విడుదల చేశాడు. పాస్‌వర్డ్ లేని వైఫై దొరికే కాఫీ షాపులో కూర్చుని దాన్ని ఆన్ చేస్తే, అదే వైఫై మీద ఫేస్‌బుక్కో ట్విట్టరో వాడుతున్నవాళ్ల పేర్లూ ఫొటోలూ పక్కన వరుసగా వచ్చేవి. ఒక పేరు మీద రెండుసార్లు నొక్కితే ఆ మనిషి ఖాతాలో దిగినట్టే. బట్లర్ కొత్త దాడి ఏదీ కనిపెట్టలేదు. పాత లోపానికి ఒక బటన్ పెట్టాడు, అంతే. నిపుణులు ఏళ్లుగా చెప్పినా వినని కంపెనీలు ఆ బటన్ చూశాక కదిలాయి.

దీనికన్నా ఘోరం మరో రెండు మూడు నెలల్లోనే ట్యునీషియాలో బయటపడింది. అధ్యక్షుడు బెన్ అలీకి వ్యతిరేకంగా జనం వీధుల్లో ఉన్నారు. ఉద్యమకారులకు ఫేస్‌బుక్ పెద్ద ఆసరా. అప్పటి ఫేస్‌బుక్ మొదటి పేజీ మామూలు హెచ్‌టీటీపీ మీద వచ్చేది. లాగిన్ బటన్ నొక్కాక పాస్‌వర్డ్ మాత్రం హెచ్‌టీటీపీఎస్ మీద వెళ్లేది. వినడానికి పర్వాలేదనిపిస్తుంది. కాని పేజీ దారిలో ఉండగానే, ఆ దేశపు ఇంటర్నెట్ వ్యవస్థలోనే దానిలోకి జావాస్క్రిప్ట్ లైన్లు కొన్ని చొప్పించారు. మనిషి పేరూ పాస్‌వర్డూ కొట్టగానే ఆ స్క్రిప్టు వాటిని కాజేసేది. ఎన్‌క్రిప్షన్ మొదలయ్యేసరికే దొంగతనం అయిపోయేది. ఖాతాలు చేజారాయి, పేజీలు మాయమయ్యాయి. 2011 జనవరిలో ఫేస్‌బుక్ ఆ దేశపు వినియోగదారులందరినీ హెచ్‌టీటీపీఎస్‌కు మళ్లించింది. ఖాతాలోకి రావాలంటే స్నేహితుల ఫొటోలు గుర్తుపట్టాలని ఇంకో గడప కూడా పెట్టింది. జనవరి 14న బెన్ అలీ దేశం విడిచి పారిపోయాడు.

కనుక లాగిన్ పేజీకి ముందున్న పేజీ, లాగిన్ పేజీ, దాని తర్వాతి ప్రతి పేజీ ఎన్‌క్రిప్ట్ కావాల్సిందే. ఖర్చు సంగతంటారా, 2010 జనవరిలో జీమెయిల్ మొత్తాన్నీ హెచ్‌టీటీపీఎస్‌కు మార్చినప్పుడు గూగుల్ ఇంజనీర్లు లెక్క చెప్పారు. కొత్త యంత్రాలు కొనలేదు, ప్రత్యేక హార్డ్‌వేర్ పెట్టలేదు. సర్వర్ల సీపీయూ మీద పడిన భారం 1 శాతం లోపు, నెట్‌వర్క్ మీద 2 శాతం లోపు. భారం అనే సాకు ఆ రోజుతో పోయింది. డబ్బు అనే సాకు ఇంకో ఐదేళ్లకు పోయింది, దాని దగ్గరికి తర్వాత వస్తాను.

ఇప్పుడు సర్టిఫికెట్‌ను దగ్గరగా చూద్దాం. ఫోన్లు చేతిలో ఉన్నవాళ్లు ఏదైనా బ్యాంకు సైటు తెరిచి, అడ్రస్ బార్‌లో పేరుకు ఎడమ పక్కనున్న చిన్న గుర్తును నొక్కండి. లోపల ఎక్కడో సర్టిఫికెట్ వివరాలు చూపించమనే మాట ఉంటుంది. తెరిస్తే ఒక తేదీ నుంచి మరో తేదీ వరకు చెల్లుబాటు, జారీ చేసిన సంస్థ పేరు, దాని కింద డొమైన్ పేర్ల జాబితా కనిపిస్తాయి. ఆ జాబితాయే ఇవాళ్టి నా ఉపన్యాసానికి వస్తువు. మీ బ్రౌజర్ సర్వర్‌ను పలకరించినప్పుడు తనకు కావలసిన పేరు చెబుతుంది. సర్వర్ సర్టిఫికెట్ చూపిస్తుంది. అడిగిన పేరు ఆ జాబితాలో ఉందా, గడువు దాటిందా, కింద సంతకం చేసిన సంస్థ తన నమ్మకస్తుల జాబితాలో ఉందా అని బ్రౌజర్ చూస్తుంది. ఆ సర్టిఫికెట్‌కు జతైన ప్రైవేట్ కీ అనే రహస్య తాళంచెవి నిజంగా తన దగ్గరుందని సర్వర్ అక్కడికక్కడే సంతకం పెట్టి రుజువు చేసుకుంటుంది. ఆ తర్వాత ఇద్దరూ కలిసి ఈ ఒక్క సంభాషణకు మాత్రమే పనికొచ్చే రహస్య సంఖ్య ఒకటి తయారుచేసుకుంటారు. ఇదంతా పేజీలో మొదటి అక్షరం కనబడే లోపల, కంటి రెప్పపాటులో అయిపోతుంది.

ఇందులో సర్టిఫికెట్ పూచీ పడేది దేనికి? పేరుకు మాత్రమే. ఈ పేరు గల డొమైన్ ఎవరి చేతిలో ఉందో, ఆ సర్వర్‌తోనే మీరు మాట్లాడుతున్నారు అంటుంది. ఆ చెయ్యి మంచివాడిదా మోసగాడిదా అన్నది దాని పని కాదు. 'తాళం గుర్తు ఉంటే సైటు మంచిది' అని మనం ఏళ్ల తరబడి జనానికి నేర్పాం. అది సగం నిజం. పాస్‌వర్డులు కాజేసే ఫిషింగ్ సైట్లన్నీ దాదాపు హెచ్‌టీటీపీఎస్ మీదే నడుస్తున్నాయి కనుక 2023 సెప్టెంబరులో క్రోమ్ ఆ తాళం గుర్తునే తీసేసింది. క్రోమ్‌లో మీరు ఇందాక నొక్కిన గుర్తు తాళంలా లేకపోవడానికి కారణం అదే.

మరి ఆ పూచీ ఇచ్చేవాడే తప్పు చేస్తే? 2011లో నెదర్లాండ్స్‌కు చెందిన డిజినోటార్ అనే సర్టిఫికెట్ సంస్థలోకి హ్యాకర్లు చొరబడి 500కు పైగా దొంగ సర్టిఫికెట్లు తయారుచేసుకున్నారు. అందులో ఒకటి గూగుల్ డాట్ కామ్ పేరు మీద ఉంది. దాని సాయంతో ఇరాన్‌లో జీమెయిల్ వాడేవాళ్ల మీద నిఘా పెట్టారు. సర్టిఫికెట్ సరైనదేనని బ్రౌజర్లు నమ్మాయి. క్రోమ్‌లో మాత్రం గూగుల్ తన సొంత సైట్లకు ఏ సంస్థల సర్టిఫికెట్లు చెల్లుతాయో ముందే రాసిపెట్టుకుంది కనుక ఒక ఇరాన్ వినియోగదారుడికి హెచ్చరిక కనిపించింది. అక్కడ దొంగతనం బయటపడింది. అదే ఏడాది సెప్టెంబరులో డిజినోటార్ దివాలా తీసింది.

మన దేశంలోనూ ఇలాంటిది జరిగింది. ఐటీ చట్టం కింద మన దేశంలో సర్టిఫికెట్ సంస్థల మీద అజమాయిషీ చేసేది కంట్రోలర్ ఆఫ్ సర్టిఫయింగ్ అథారిటీస్. ఆ గొడుగు కింద కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్ (ఎన్‌ఐసీ) కూడా సర్టిఫికెట్లు ఇచ్చేది. 2014 జులై 2న, ఎన్‌ఐసీ నుంచి గూగుల్ డొమైన్ల పేర్ల మీద ఎవరూ అడగని సర్టిఫికెట్లు వెలువడ్డాయని గూగుల్ కనిపెట్టింది. మర్నాడే కంట్రోలర్ కార్యాలయం ఎన్‌ఐసీ సర్టిఫికెట్లను రద్దుచేసింది. జారీ ప్రక్రియలోకి ఎవరో చొరబడ్డారని, తప్పుగా వెలువడినవి నాలుగేనని, మూడు గూగుల్‌వి, ఒకటి యాహూదని తర్వాత తెలిపింది. ఆ నాలుగులో లేనివి కూడా తమ దృష్టికి వచ్చాయని గూగుల్ అంది. చివరికి క్రోమ్ మన దేశపు మూల సర్టిఫికెట్‌ను పూర్తిగా తోసిపుచ్చకుండా ఒక హద్దు గీసింది: గవ్ డాట్ ఇన్, ఎన్‌ఐసీ డాట్ ఇన్, ఏసీ డాట్ ఇన్, ఆర్‌బీఐ డాట్ ఓఆర్‌జీ డాట్ ఇన్ లాంటి ఏడు పేర్ల పరిధిలోనే ఇక నమ్ముతానంది. నా మటుకు నాకు ఆ హద్దు అవమానంగా తోచలేదు. మన దేశపు పేర్లకు పూచీ పడేవాడికి అమెరికా కంపెనీ పేరు మీద సంతకం పెట్టే అధికారం అసలెందుకు ఉండాలి?

ఇలాంటివి చూశాకే, జారీ అయిన ప్రతి సర్టిఫికెట్‌నూ ఎవరైనా చూడగలిగే బహిరంగ రిజిస్టర్లలో నమోదు చేయాలన్న ఏర్పాటు బలపడింది. దాన్నే సర్టిఫికెట్ ట్రాన్స్‌పరెన్సీ అంటారు. 2018 నుంచి, కొత్త సర్టిఫికెట్ ఈ రిజిస్టర్లలో లేకపోతే క్రోమ్ ఒప్పుకోదు. సీఆర్‌టీ డాట్ ఎస్‌హెచ్ అనే చోట మీ కాలేజీ డొమైన్ పేరు కొట్టి చూడండి. దాని మీద ఇంతవరకు వచ్చిన సర్టిఫికెట్లన్నీ వరుసగా వస్తాయి. మీరు మరిచిపోయిన పాత పేర్లు కూడా.

ఇక పలు పేర్ల సంగతి. ఒకప్పుడు ఒక ఐపీ అడ్రస్ మీద ఒకే హెచ్‌టీటీపీఎస్ సైటు నడిచేది. సర్టిఫికెట్ ముందు చూపించాలి, బ్రౌజర్‌కు ఏ సైటు కావాలో తర్వాత గాని తెలియదు. పది డొమైన్లుంటే పది ఐపీ అడ్రసులు కొనాల్సి వచ్చేది. పలకరింపులోనే పేరు చెప్పే పద్ధతిని 2003లో ప్రమాణంగా రాశారు. కాని విండోస్ ఎక్స్‌పీ మీది ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌కు అది రాదు. ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ సేవలు ఆపింది 2014 ఏప్రిల్‌లో. అంటే మంచి ఉపాయం ఒకటి పదకొండేళ్లు పాత కంప్యూటర్ల కోసం గుమ్మంలో నిలబడింది. మన ప్రభుత్వ కార్యాలయాల్లో పనిచేసినవాళ్లకు ఈ నిరీక్షణ గురించి విడమరచి చెప్పనక్కర్లేదు.

ఈ ఇబ్బందికి రెండు రకాల సర్టిఫికెట్లు విరుగుడుగా వచ్చాయి. ఒకదానిలో కావలసిన పేర్లన్నీ జాబితాగా రాస్తారు. వాటికి ఒకదానితో ఒకటి చుట్టరికం ఉండనక్కర్లేదు, డాట్ కామ్, డాట్ ఇన్ కలిసి ఉండొచ్చు. రెండోది వైల్డ్‌కార్డ్. పేరుకు ముందు నక్షత్రం గుర్తు పెడితే ఆ డొమైన్ కింది సబ్‌డొమైన్లన్నిటికీ చెల్లుతుంది. కాని ఒక్క మెట్టు వరకే. పరీక్షలు డాట్ కాలేజీ డాట్ ఇన్ అనేదానికి సరిపోయే నక్షత్రం ఫలితాలు డాట్ పరీక్షలు డాట్ కాలేజీ డాట్ ఇన్‌కు సరిపోదు. ఉత్త కాలేజీ డాట్ ఇన్‌కు కూడా సరిపోదు, దాన్ని విడిగా రాయించాలి. ఈ చిన్న సంగతి తెలియక ఫలితాల రోజు ఉదయం ఎర్ర హెచ్చరికతో తెరుచుకున్న పేజీలు నేను చూశాను. ఇంకో తిరకాసు ఉంది. పాత పేరు కొడితే కొత్త పేరుకు పంపించే ఏర్పాటు చేశాం కదా, పాత పేరుకు సర్టిఫికెట్ ఎందుకని అడుగుతారు. దారి మళ్లించే మాట చెప్పడానికి ముందే సర్టిఫికెట్ చూపించాలి. అది లేకపోతే బ్రౌజర్ ఆ మాట వినకుండానే హెచ్చరిక పెట్టి ఆగిపోతుంది.

వైల్డ్‌కార్డ్ చవక, సులువు. అందుకే ప్రమాదం. ఒక విద్యాసంస్థ సర్వర్లు చూడమని పిలిస్తే వెళ్లాను. వాళ్ల వైల్డ్‌కార్డ్ ప్రైవేట్ కీ ఫీజుల సాఫ్ట్‌వేర్ చేసినవాళ్లకు, హాస్టల్ హాజరు చూసేవాళ్లకు, ఫలితాల పేజీ పెట్టినవాళ్లకు ఈమెయిల్లో జిప్ ఫైలుగా వెళ్లింది. జిప్ పాస్‌వర్డ్ అదే మెయిల్ కింద లైన్లో రాసి ఉంది. ఆ ముగ్గురిలో ఎవరి ల్యాప్‌టాప్ పోయినా, ఆ కీ దొరికినవాడు నెట్‌వర్క్ దారిలో చోటు సంపాదిస్తే ప్రిన్సిపాల్ గారి లాగిన్ పేజీ వేషం కూడా వేయగలడు. ఎవరి డొమైన్‌కు వాళ్లు విడిగా సర్టిఫికెట్ తెచ్చుకుంటే ఈ బెడద ఉండదు. డబ్బు అడ్డమా అంటే, లేదు. లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే లాభాపేక్ష లేని సర్టిఫికెట్ సంస్థ 2015 డిసెంబరు నుంచి ఎవరికైనా ఉచితంగా, మనిషి చెయ్యి పడకుండా సర్టిఫికెట్లు ఇస్తోంది. వైల్డ్‌కార్డులు కూడా 2018 మార్చి నుంచి ఇస్తోంది. దాన్ని నిలబెట్టినవాళ్లలో ఒకడు పీటర్ ఎకర్స్‌లీ. ఆస్ట్రేలియాలో పుట్టి, అమెరికాలో ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్‌లో పనిచేసి, 2022 సెప్టెంబరులో చిన్న వయసులోనే క్యాన్సర్‌తో పోయాడు. స్మారకోపన్యాసంలో ఆయన్ని తలుచుకోవడం సబబే. నేడు కోట్ల సైట్లు ఒక్క పైసా కట్టకుండా ఎన్‌క్రిప్ట్ అవుతున్నాయంటే అందులో ఆయన చెమట ఉంది.

సర్టిఫికెట్లు సక్రమంగా ఉన్నాయనుకుందాం. లాగిన్ ఒక డొమైన్ నుంచి ఇంకో డొమైన్‌కు ఎలా నడుస్తుంది? ఇక్కడ మళ్లీ కుకీ దగ్గరికి రావాలి. ఒక డొమైన్ ఇచ్చిన కుకీని బ్రౌజర్ వేరే డొమైన్‌కు చూపించదు. అది మంచి నియమం. కాని అదే డొమైన్ కింది సబ్‌డొమైన్లన్నిటికీ చూపించమని సైటు కోరవచ్చు. చాలామంది అలాగే కోరతారు, పని తేలిక కనుక. అప్పుడు కాలేజీ కిందున్న ప్రతి సబ్‌డొమైన్‌కూ మీ లాగిన్ కుకీ చేరుతుంది. ఎప్పుడో టెక్ ఫెస్ట్ కోసం ఒక సబ్‌డొమైన్ తెరిచి, దాన్ని ఏదో క్లౌడ్ సేవకు తగిలించి, ఫెస్ట్ అయ్యాక క్లౌడ్ ఖాతా మూసి, డొమైన్ పేర్ల చిరునామా పుస్తకమైన డీఎన్‌ఎస్‌లో పేరు మాత్రం తీయడం మరిచిపోతారు. ఆ క్లౌడ్ సేవలో అదే పేరును ఇంకెవరో దక్కించుకుంటే, మీ సబ్‌డొమైన్ వాడి చేతికి వెళ్తుంది. పేరు వాడి అధీనంలోనే ఉంది కనుక నిఖార్సైన సర్టిఫికెట్ కూడా దొరుకుతుంది. మీ విద్యార్థి ఆ లింకు నొక్కిన క్షణాన అసలు సైటు లాగిన్ కుకీ వాడి దగ్గర ఉంటుంది. సర్టిఫికెట్ల పరంగా ఎక్కడా తప్పు జరగలేదు. హెచ్చరిక రాదు.

పెద్ద సంస్థలు ఇందుకే లాగిన్‌ను ఒకే ఒక్క డొమైన్‌లో ఉంచి, కుకీని ఆ ఒక్క పేరుకే కట్టడి చేస్తాయి. గూగుల్ 2006లో యూట్యూబ్‌ను కొంది. ఇవాళ మీరు యూట్యూబ్‌లో లాగిన్ అంటే బ్రౌజర్ అకౌంట్స్ డాట్ గూగుల్ డాట్ కామ్‌కు వెళ్తుంది. పాస్‌వర్డ్ అడిగేది అక్కడే. తిరిగొచ్చాక యూట్యూబ్ తన సొంత కుకీ తాను ఇచ్చుకుంటుంది. వేర్వేరు సంస్థల మధ్య ఇలా చేయడానికి 2005లో శామ్ల్ రెండో వెర్షన్, 2012లో ఓఆత్ రెండో వెర్షన్, 2014లో ఓపెన్‌ఐడీ కనెక్ట్ అనే ప్రమాణాలు వచ్చాయి. ఓఆత్ పద్ధతిలో సారాంశం ఇది: లాగిన్ కేంద్రం మనిషిని గుర్తించి, కొద్దిసేపే చెల్లే ఒక కోడ్ ఇచ్చి, ముందే నమోదైన చిరునామాకు తిప్పి పంపుతుంది. ఆ తిరుగు చిరునామాను అక్షరం అక్షరం పోల్చాలి. 'మొదటి భాగం కలిస్తే చాలు' అని సడలించిన చోటల్లా కోడ్ దొంగల పాలైంది. పాస్‌వర్డ్ కొట్టే చోటు ఒకటే ఉంటే జనానికి గుర్తుపెట్టుకోవడం తేలిక. పది చోట్ల పాస్‌వర్డ్ అడిగే సంస్థ పదకొండో దొంగ చోటుకు కూడా తన మనుషుల్ని అలవాటు చేస్తున్నట్టే.

అయితే ఒకే కేంద్రం మీద అంతా ఆధారపడితే ఆ కేంద్రాన్ని కంటికి రెప్పలా చూసుకోవాలి. 1999లో మైక్రోసాఫ్ట్ పాస్‌పోర్ట్ అనే లాగిన్ సేవ పెట్టి హాట్‌మెయిల్‌ను దానికి కలిపింది. మన బెంగళూరులో పెరిగిన సబీర్ భాటియా, జాక్ స్మిత్ కలిసి 1996లో పెట్టిన హాట్‌మెయిలే అది. 1999 డిసెంబరులో, సరిగ్గా క్రిస్మస్ ముందు, పాస్‌పోర్ట్ డాట్ కామ్ డొమైన్ గడువు తీరిపోయింది. మైక్రోసాఫ్ట్ డబ్బు కట్టడం మరిచిపోయింది. జనం హాట్‌మెయిల్లోకి వెళ్లలేకపోయారు. మైఖేల్ చానీ అనే లైనక్స్ ప్రోగ్రామర్ కారణం కనిపెట్టి, పండగ పూట తన సొంత కార్డుతో 35 డాలర్లు కట్టాడు. సేవ మళ్లీ నడిచింది. ఆయన మంచివాడు కాబట్టి కథ నవ్వుతో ముగిసింది.

ఇప్పుడు మన హైదరాబాద్‌కు వద్దాం. బ్యాంకుల పేర్లతో మోసాలు పెరిగిపోవడంతో 2025 ఫిబ్రవరిలో రిజర్వ్ బ్యాంకు ఒక నిర్ణయం ప్రకటించింది. బ్యాంకులకు మాత్రమే బ్యాంక్ డాట్ ఇన్ అనే ప్రత్యేక డొమైన్ ఇస్తామని. బ్యాంకులన్నీ అక్టోబరు 31 లోగా దానికి మారాలని ఏప్రిల్‌లో ఆదేశించింది. ఆ పేర్లు నమోదు చేసే ఏకైక సంస్థ మాసాబ్ ట్యాంక్ దగ్గరున్న ఐడీఆర్‌బీటీ. 1996లో రిజర్వ్ బ్యాంకే పెట్టిన సంస్థ. సర్టిఫికెట్ చేయలేని పని ఇక్కడ జరుగుతోంది. పేరు వెనక ఉన్నది నిజంగా బ్యాంకేనని పేరు ఇచ్చే దగ్గరే తేల్చేస్తారు. ఇది మంచి పని, ఆలస్యంగా జరిగిన మంచి పని. స్టేట్ బ్యాంకునే చూడండి. ఎస్‌బీఐ డాట్ కో డాట్ ఇన్, ఆన్‌లైన్ ఎస్‌బీఐ డాట్ కామ్, ఆన్‌లైన్ ఎస్‌బీఐ డాట్ ఎస్‌బీఐ, బ్యాంక్ డాట్ ఎస్‌బీఐ. ఇన్ని పేర్లు చూసిన ఖాతాదారుడికి ఇప్పుడు ఎస్‌బీఐ డాట్ బ్యాంక్ డాట్ ఇన్. ఇందులో అసలేది నకిలీ ఏది అని పల్లెలో పింఛను తీసుకునే పెద్దాయన ఎలా పోల్చుకుంటాడు?

పోల్చుకునే ఉపాయం ఒకటుంది, ఇంట్లో పెద్దవాళ్లకు ఇదొక్కటి నేర్పండి. డొమైన్ పేరును కుడి నుంచి ఎడమకు చదవాలి. పేరు తర్వాత వచ్చే మొదటి ఏటవాలు గీతకు (/) ముందున్న చివరి మాటలు ఏవో చూడాలి. అవి బ్యాంక్ డాట్ ఇన్ అయితే ఐడీఆర్‌బీటీ ఇచ్చిన పేరు. ఎడమ పక్క ఎస్‌బీఐ అని ఎంత అందంగా రాసి ఉన్నా, చివర్లో ఇంకేదో డాట్ కామ్ ఉంటే ఆ సైటు ఆ ఇంకేదో డాట్ కామ్ వాడిది.

డొమైన్ మార్పులో ఒక ఇరుకు కూడా ఉంది, దాని మీద బ్యాంకులు చాలినంత మాట్లాడలేదని నా అభిప్రాయం. కుకీలు కొత్త పేరుకు రావు, అది పర్వాలేదు, మళ్లీ లాగిన్ అవుతాం. పాస్‌వర్డ్ మేనేజర్ కూడా కొత్త పేరును గుర్తుపట్టదు. వేలిముద్రతో తెరుచుకునే పాస్‌కీలైతే డొమైన్ పేరుకే బిగించి ఉంటాయి, పాత పేరుకు చేసినవి కొత్త పేరుకు పనిచేయవు. దొంగ సైటులో పాస్‌వర్డ్ మేనేజర్ మౌనంగా ఉండిపోవడమే మనకున్న మంచి హెచ్చరిక. సరిగ్గా ఆ హెచ్చరికను పట్టించుకోకుండా చేత్తో పాస్‌వర్డ్ కొట్టమని డొమైన్ మార్పు రోజున జనాన్ని మనమే ఒప్పిస్తున్నాం. పాత పేరు నుంచి కొత్త పేరుకు దారి మళ్లింపు, పాత పేరుకు చెల్లే సర్టిఫికెట్, రెండూ ఏళ్ల తరబడి ఉంచాలి. అద్దె దండగని పాత డొమైన్‌ను వదిలేస్తే మర్నాడే ఇంకొకరు కొంటారు. ఖాతాదారుల పాత పుస్తకాల మీద, చెక్కుల మీద అచ్చైన పేరు అది.

గడువుల గురించి ఒక మాట చెప్పి ముగిస్తాను. 2018 డిసెంబరు 6న ఎరిక్‌సన్ పరికరాల్లో ఒక సర్టిఫికెట్ గడువు తీరి బ్రిటన్‌లో ఓ2 మొబైల్ నెట్‌వర్క్ మీదున్న కోట్ల మందికి రోజంతా డేటా ఆగిపోయింది. ఇప్పుడు గడువులు ఇంకా కురచ అవుతున్నాయి. 2020లో సర్టిఫికెట్ గరిష్ఠ ఆయుష్షును 398 రోజులకు తగ్గించారు. బ్రౌజర్ కంపెనీలు, సర్టిఫికెట్ సంస్థలు కలిసి 2025 ఏప్రిల్‌లో ఒప్పుకున్న ప్రకారం అది 2026 మార్చి 15 నుంచి 200 రోజులకు, 2027 మార్చి 15 నుంచి 100 రోజులకు, 2029 మార్చి 15 నుంచి 47 రోజులకు దిగుతుంది. ఏడాదికోసారి క్యాలెండర్లో రాసుకుని సర్టిఫికెట్ మార్చే గుమస్తా పద్ధతి ఇక సాగదు. యంత్రమే మార్చుకోవాలి. కాని ఏయే పేర్లకు మార్చాలో యంత్రానికి మనమే చెప్పాలి.

ఈ సభలో కాలేజీల కార్యాలయాలు నడిపేవాళ్లున్నారు, సహకార బ్యాంకుల పాలకవర్గాల్లో ఉన్నవాళ్లున్నారు. మీకు నా మనవి ఒకటే. మీ సంస్థ పేరు మీద ఉన్న డొమైన్లు, సబ్‌డొమైన్లు అన్నీ ఒక కాగితం మీద రాయించండి. ఒక్కోదానికి ఎదురుగా అది ఎందుకుంది, దాని గడువు ఎప్పుడు, ప్రైవేట్ కీ ఎవరి దగ్గరుంది, బాధ్యత ఏ ఉద్యోగిది అని పూరించమనండి. అక్కర్లేని పేరును డీఎన్‌ఎస్ నుంచి తీసేయించండి, పాస్‌వర్డ్ అడిగే పేరు ఒక్కటే మిగిలేలా చూడండి. బాధ్యుడెవరో ఎవరూ చెప్పలేని పేరు ఆ కాగితం మీద కనిపిస్తే, రేపు ఆఫీసు తెరవగానే మొదట దాని సంగతి తేల్చండి.